థర్మోకోల్ ఆనకట్ట

నల్లేరు జలాశయానికి పన్నెండు గేట్లు. పన్నెండింటికీ పన్నెండు స్వభావాలు. రెండోది ఎండల్లో బిగుసుకుంటుంది. తొమ్మిదోది లేచేటప్పుడు ముసలివాడిలా మూలుగుతుంది. ఏడోదాన్ని మాత్రం పసిపిల్లని కనిపెట్టుకున్నట్టు కనిపెట్టుకుని ఉండాలి. ఈ సంగతులు ఏ రిజిస్టరులోనూ లేవు. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు సుభాషిణికి మాత్రం కంఠతా వచ్చు. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో పదకొండేళ్ళు ఆవిడ ఆ గేట్ల మధ్యే గడిపింది. పేరుకు సుభాషిణే గానీ మాట పొదుపు. చెప్పాల్సింది ఒకసారి చెబుతుంది. విన్నవాడికి రెండోసారి అడగాల్సిన పని ఉండదు.

ఆ ఏడు ఆవిడ సూపరింటెండింగ్ ఇంజినీరు కావాలి. సీనియారిటీ జాబితాలో మొదటి పేరు ఆవిడదే. నాలుగో పేరు పక్క డివిజను ఇంజినీరు పార్వతీశానిది. పదోన్నతి ఫైలు సంతకం కోసం రాజధానికి వెళ్ళింది. వెళ్ళిన ఫైలు వెళ్ళినట్టే తిరిగొచ్చింది, పైన ఒక చీటీతో: "అభ్యర్థిని తన నాయకత్వ ధ్రువీకరణ పత్రమును జతపరచవలెను."

అలాంటి పత్రం ఒకటుందని సుభాషిణి ఎన్నడూ వినలేదు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. అది పుట్టి అప్పటికి నాలుగు రోజులే అయింది.

దాని పుట్టుక ఇలా జరిగింది. శాఖ ముఖ్య కార్యదర్శిగారు ఢిల్లీలో ఏదో సమావేశానికి వెళ్తే, అక్కడెవరో "మీ శాఖలో సూపరింటెండింగ్ ఇంజినీరు హోదాలో ఆడవాళ్ళు ఎంతమంది?" అని అడిగారు. ఆయన ముందున్న కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంది. "ప్రక్రియ పురోగతిలో ఉన్నది" అని చెప్పి మంచినీళ్ళు తాగారు. తిరిగి రాగానే చీఫ్ ఇంజినీరు చక్రధరాన్ని పిలిచారు.

"ఎంతమంది?"

"సున్నా సార్."

"ఎందుకని?"

చక్రధరం ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేర్చుకున్న విద్య ఒకటే. పైవాళ్ళు 'ఎందుకని' అన్నప్పుడు, పైవాళ్ళ తప్పు కాకుండా జవాబు చెప్పాలి. "వారిలో నాయకత్వ లక్షణాలు కొరవడుతున్నాయి సార్. ఉంటే ఈపాటికి పదోన్నతి వచ్చి ఉండేది కదా."

కార్యదర్శిగారు ఆ మాటను అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. ఎక్కడా సందు కనిపించలేదు. వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. "మహిళా ఇంజినీర్లలో నిద్రాణమై యున్న నాయకత్వ లక్షణములను గుర్తించి, మేల్కొలిపి, ధ్రువీకరించు సమగ్ర పథకము" అని దాని పేరు. ముద్దుగా 'నాయకి' అన్నారు. ఇకమీదట ఆ ధ్రువపత్రం లేనిదే ఏ మహిళా ఇంజినీరుకూ పదోన్నతి లేదు. ఉత్తర్వు చివర ఒక వాక్యం ఉంది: "పురుష ఇంజినీర్లకు ఈ సదుపాయమును కల్పించలేకపోవుచున్నందుకు ప్రభుత్వము విచారించుచున్నది. వారు ఎట్టి పత్రమూ లేకుండగనే పదోన్నతి పొందుదురు."

సుభాషిణి రాజధానికి వెళ్ళి చక్రధరాన్ని కలిసింది. ఆయన లేచి నిలబడి మరీ అభినందించాడు.

"మీకోసమే తెచ్చారమ్మా ఈ పథకం. దేశంలో ఎక్కడా లేదు."

"కిందటేడు నలభైమందితో పన్నెండు గేట్లూ విప్పించి మళ్ళీ బిగించానండి. అది సరిపోదా?"

"అది డ్యూటీ." ఆయన మందహాసం చేశాడు. "నాయకత్వం వేరు."

"ఏమిటండీ తేడా?"

"అది తేల్చడానికే కమిటీ వేశాం."

కమిటీలో ఐదుగురు. ఐదుగురూ మగవాళ్ళే. ఆడవాళ్ళను వేస్తే పక్షపాతం వచ్చే ప్రమాదముందని ఫైల్లో ముందే రాసుకున్నారు. అధ్యక్షుడు విశ్రాంత చీఫ్ ఇంజినీరు భుజంగరావుగారు. శాస్త్రీయంగా పోదామన్నారాయన. గత యాభై ఏళ్ళలో ఆ శాఖలో పనిచేసిన ముప్పై ఒక్కమంది సూపరింటెండింగ్ ఇంజినీర్ల వివరాలు తెప్పించి, వాళ్ళందరిలో ఉమ్మడిగా ఉన్నవేమిటో జాబితా రాయించారు. గొంతు పెద్దదై ఉండుట. బల్ల గుద్దుట. పని జరుగు చోట కారు దిగకుండ అద్దము దించి మాట్లాడుట. ఎండలో గొడుగు వేరొకరిచే పట్టించుకొనుట. జాబితాలో ఆరో అంశం దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. ముప్పై ఒక్కమందిలో ఇరవై ఆరుగురికి మీసం ఉంది.

దీని మీద రెండు రోజులు తర్జనభర్జనలు జరిగాయి. అంకెలు అంకెలే, వాటిని కాదనలేమని ఒక సభ్యుడు పట్టుబట్టాడు. చివరికి భుజంగరావుగారు విశాల హృదయంతో తీర్పు చెప్పారు. మహిళలకు మీసం నుంచి పూర్తి మినహాయింపు. ఆ పది మార్కులు పోతాయనుకోండి, కానీ పరీక్షకు కూర్చోవచ్చు. మర్నాడు శాఖ పత్రికా ప్రకటన చేసింది. మహిళా సాధికారతలో ఇది చారిత్రక నిర్ణయమని అందులో ఉంది.

సుభాషిణి కమిటీ ముందు కూర్చుంది.

"మీ మీద కింది సిబ్బంది ఎన్ని ఫిర్యాదులు పెట్టారు?" అని అడిగారు భుజంగరావుగారు.

"ఒక్కటీ లేదండి."

"పదకొండేళ్ళలో ఒక్కటి కూడానా?" ఆయన మిగతావాళ్ళ వైపు జాలిగా చూశారు. "అంటే మీరొకరున్నారని వాళ్ళకు తెలిసినట్టు లేదు. సరే, ఒక ఫైలు మీ బల్ల మీద ఎన్నాళ్ళుంటుంది?"

"ఒక్కరోజండి."

"నాయకుడనేవాడు ఆలోచిస్తాడమ్మా. ఒక్కరోజులో ఏం ఆలోచన తెగుతుంది? పోనీ, ఒకసారి బల్ల గుద్ది చూపించండి."

సుభాషిణి ఆ బల్ల వంక చూసింది. వంగి కిందికి కూడా చూసింది. "దీని కాలికి బోల్టు ఊడిపోయిందండి. గుద్దితే మీ టీ కప్పులు మీ ఒళ్ళో పడతాయి."

ఒక సభ్యుడు కాగితం మీద 'తెగువ లేదు' అని రాసుకున్నాడు.

నూటికి పదకొండు మార్కులొచ్చాయి. ఆ పదకొండూ వేళకు వచ్చినందుకు. 'నాయకత్వము: గాఢ నిద్రావస్థ. తొంభై రోజుల ఆవాస శిక్షణకు సిఫార్సు చేయడమైనది' అని కింద రాశారు. పందొమ్మిదేళ్ళలో ఆవిడకు పరీక్షలో తప్పిన అనుభవం లేదు. ఆ కాగితం పట్టుకుని కమిటీ గది మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయింది. సిగ్గుపడాలో నవ్వాలో తేలక, చివరికి రెండూ మానేసి బస్సెక్కింది.

ఆ వారంలోనే ఉత్తర్వులు వచ్చాయి. రాష్ట్రం నలుమూలల నుంచి ఇరవై ఒక్కమంది మహిళా ఇంజినీర్లను శిక్షణకు పిలిచారు. వాళ్ళు ఖాళీ చేసిన కుర్చీలను ఊరికే ఉంచలేరు గనుక, పక్క డివిజన్ల మగ ఇంజినీర్లకు అదనపు బాధ్యతలు అప్పగించారు. రెండు కుర్చీల్లో కూర్చున్నవాడికి రెండింతల నాయకత్వానుభవం ఉన్నట్టు లెక్క. నల్లేరు డివిజను పార్వతీశానికి వెళ్ళింది.

బయల్దేరేముందు సుభాషిణి ఆయనకు మూడు పేజీల నోటు రాసి ఇచ్చింది. "ఏడో గేటు ఎడమ పక్క ఉక్కుతాడు అరిగింది. వానలు పడేలోగా మార్చాలండీ. కొత్త తాడు స్టోర్సులో ఉంది. ఇది ఆలస్యం చేసే పని కాదు."

"మీరు నిశ్చింతగా వెళ్ళి మీ లక్షణాలు చూసుకోండి మేడం" అన్నాడు పార్వతీశం, నోటు మడిచి జేబులో పెట్టుకుంటూ. ఆ చొక్కా చాకలికి పడింది. నోటు కూడా దానితోపాటే వెళ్ళింది.

శిక్షణాలయం రాజధాని శివార్లలో ఉంది. శిక్షకుడి పేరు ప్రణవ్. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఎప్పుడూ చొక్కా కాలరుకు చిన్న మైకు తగిలించుకుని ఉండేవాడు. ఆనకట్టను ఫోటోలో తప్ప చూడలేదు. "మేడమ్స్! మీలో ఒక సింహం పడుకుని ఉంది. దాన్ని లేపుదాం" అని మొదలుపెట్టాడు. పదిహేను రోజులు అద్దాల ముందు నిలబెట్టి గర్జన సాధన చేయించాడు. తర్వాత పదిహేను రోజులు కుర్చీలో వెనక్కి వాలడం.

ఆ తర్వాత అసలు పని మొదలైంది. నాయకత్వం నిరూపించుకోవాలంటే ప్రాజెక్టు ఉండాలి కదా. నిజమైన ప్రాజెక్టు ఇస్తే నీళ్ళూ మనుషులూ అడ్డొచ్చి నాయకత్వం సరిగా కనపడదని కమిటీ భావించింది. అందుచేత శిక్షణాలయం హాల్లో థర్మోకోల్‌తో నమూనా జలాశయం కట్టమన్నారు. పొడవు ఇరవై అడుగులు, ఎత్తు మోకాలిదాకా. దానికి అంచనాలు, టెండర్లు, వారం వారం సమీక్షలు. సమీక్షకు చక్రధరం స్వయంగా వచ్చేవాడు. "కుడి గట్టు పనులు ఆశించిన వేగంగా సాగుట లేదు" అని మండిపడేవాడు. కుడి గట్టు అంటే జిగురు ఆరని రెండు ముక్కలు.

సుభాషిణి ఒకరోజు ఊరుకోలేక, ఊడుతున్న ముక్కను తనే అంటించబోయింది. ప్రణవ్ పరిగెత్తుకొచ్చాడు. "మేడం, మేడం! ఆరో పాఠం. నాయకి చేత్తో పని ముట్టకూడదు. వేలితో చూపించాలి."

"చూపిస్తే అంటుకుంటుందా?"

"అంటుకోకపోతే మెమో ఇవ్వాలి."

"ఎవరికి? థర్మోకోల్‌కా?"

పక్కనున్న నీలవేణి పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నీలవేణి కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజినీరు, ఇంకా మూడేళ్ళ సర్వీసు నిండలేదు. ఇంతవరకు ఆ పిల్ల ఒక్క గేటు కూడా తిప్పలేదు. ఆ మూడేళ్ళలో రెండు మహిళా దినోత్సవాలకు జ్యోతి వెలిగించింది. "అక్కడ నాకు పని నేర్పేవాళ్ళు లేరు మేడం, ఇక్కడ పనే లేదు" అని ఒకరోజు క్యాంటీన్లో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆరోజు నుంచి సుభాషిణి రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక, గేటు ఎలా లేస్తుందో, తాడు ఎక్కడ అరుగుతుందో, మోటారును ఎప్పుడు నమ్మకూడదో కాగితం మీద బొమ్మలు గీసి ఆ పిల్లకు చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు రోజులకు ఇరవైమందీ చుట్టూ చేరారు. తొంభై రోజుల శిక్షణలో ఎవరికైనా ఏదైనా వచ్చిందంటే ఆ క్యాంటీన్ బల్ల దగ్గరే వచ్చింది.

ఎనభై తొమ్మిదో రోజున ముగింపు వేడుక పెట్టారు. మంత్రిగారు వస్తున్నారు. మీట నొక్కగానే థర్మోకోల్ ఆనకట్ట గేట్లు లేచి, రంగునీళ్ళు పారేలా ఏర్పాటు. మహిళల ఎదుగుదలకు తోడ్పడిన మగ ఇంజినీర్లకు 'నాయకీ మిత్ర' బిరుదులు కూడా ఇస్తున్నారు. మొదటి బిరుదు పార్వతీశానికే. ఆయన పట్టుపంచెతో వేదిక మీద కూర్చున్నాడు.

బయట మూడు రోజులుగా వాన. పదకొండు గంటలకు సుభాషిణి ఫోను మోగింది. నల్లేరు నుంచి ఫోర్‌మన్ మస్తాన్.

"మేడం, ఏడో గేటు ఇరుక్కుపోయింది. ఎడమ తాడు డ్రమ్ము గాడిలోంచి జారింది. మూరెడు లేచి ఒక పక్కకు ఒరిగి నిలబడిపోయింది."

"మిగతావి?"

"పదకొండూ ఎత్తేశాం. అయినా గంటకు అరజానెడు ఎక్కుతోంది. మట్టికట్టకు ఇంకా నాలుగు జానలే ఉంది. పార్వతీశం సారుకు చెబితే మోటారుతో గట్టిగా లాగించమన్నారు. నేను మోటారు ఆపేసి మీకు చేస్తున్నా."

"మంచి పని చేశారు మస్తాన్ భాయ్. మోటారు ముట్టుకోకండి. లాగితే రెండో తాడూ పోతుంది. కట్ట కింద వాగొడ్డు కాలనీ వాళ్ళందర్నీ ఇప్పుడే బడికి తరలించమని సర్పంచికి చెప్పండి. స్టోర్సులోంచి బరువులెత్తే చైన్ బ్లాకులు రెండు పైకి చేర్చండి. నేను వస్తున్నా."

ఆవిడ నేరుగా వేదిక దగ్గరికి వెళ్ళి పార్వతీశానికి సంగతి చెప్పింది. మీరే ఇన్‌ఛార్జి, బయల్దేరండి అంది. ఆయన ఇబ్బందిగా కదిలాడు. "ఇప్పుడెలా మేడం? మంత్రిగారు దారిలో ఉన్నారు. నేను ఇక్కణ్ణుంచే పర్యవేక్షిస్తున్నాను కదా" అంటూ చేతిలో ఫోను చూపించాడు.

చక్రధరం అడ్డొచ్చాడు. "అమ్మా, ఇవాళ వెళ్తే మీకు ధ్రువపత్రం రాదు. ఒక్కరోజు. ఒక్క రోజు ఓపిక పట్టండి."

సుభాషిణి ఆయన వంక చూసింది. ఆయన వెనక థర్మోకోల్ ఆనకట్ట మీద పూలదండలు వేలాడుతున్నాయి. "నీళ్ళకు చెప్పి చూడండి సార్" అని బయటికి నడిచింది. శిక్షణాలయం కారు కావాలంటే మూడు ప్రతులలో దరఖాస్తు పెట్టాలన్నారు. నీలవేణి ఆ మాట వింది, తన కారు తాళాలు తీసింది. "పదండి మేడం."

రెండున్నర గంటల దారి. దారి పొడుగునా సుభాషిణి ఫోన్లోనే ఉంది. నల్లేరు చేరేసరికి కట్టకు రెండున్నర జానలే మిగిలింది. వంతెన మీద పద్నాలుగుమంది తడిసి ముద్దయి నిలబడి ఉన్నారు. ఆవిడ చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగించి, నిచ్చెన దిగి గేటును మోసే ఉక్కు చేతుల దాకా వెళ్ళి చూసింది. జారిన తాడు డ్రమ్ముకూ దిమ్మెకూ మధ్య నలిగి ఉంది.

"దీన్ని లాగకూడదు. ముందు గేటు బరువును చైన్ల మీదికి తీసుకోవాలి. తర్వాత కుడి పక్క కాస్త దించి, రెండు వైపులా సమం చెయ్యాలి. అప్పుడు తాడు వదులవుతుంది" అంది. ఎడమ చైను దగ్గర మస్తాన్ నిలబడ్డాడు. కుడి పక్క చేతిమర నీలవేణికి ఇచ్చింది. ఆ పిల్ల మర పిడిని రెండు చేతులా పట్టుకుంది. "క్యాంటీన్లో గీశాం చూడు, అదే ఇది. నేను చెయ్యెత్తినప్పుడు పావు చుట్టు. అంతే" అంది సుభాషిణి.

పావు చుట్టు. ఆగు. పావు చుట్టు. ఆగు. కింద నీళ్ళ హోరులో మాట వినపడదు, చెయ్యే భాష. గంటన్నర పట్టింది. తాడు వదులైనప్పుడు సుభాషిణే గడ్డపారతో దాన్ని గాడిలోకి నెట్టింది. అరచెయ్యి చీరుకుపోయింది. తర్వాత మోటారు కాకుండా చేత్తోనే తిప్పుతూ గేటును పైకి తెచ్చారు. నాలుగున్నరకు ఏడో గేటు కింద నుంచి నీళ్ళు దూకాయి. ఐదున్నరకు మట్టం పెరగడం ఆగింది. ఆరుకు బెత్తెడు తగ్గింది. మస్తాన్ వంతెన మీద చతికిలబడి బీడీ వెలిగించబోయాడు. తడిసిపోయింది. దాన్ని చూసుకుని పెద్దగా నవ్వాడు. నీలవేణి మాత్రం రెయిలింగు పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు పత్రికల్లో రెండు వార్తలు వచ్చాయి. నమూనా జలాశయం విజయవంతంగా ప్రారంభమైందని ఒకటి. పార్వతీశంగారి దూరదృష్టి, దూరనాయకత్వం వల్ల నల్లేరుకు ముప్పు తప్పిందని ఇంకొకటి. దూరం మాట మాత్రం నిజమే. నెల తిరక్కుండా ఆయన నల్లేరు సర్కిలు సూపరింటెండింగ్ ఇంజినీరయ్యాడు.

సుభాషిణికి అభియోగ పత్రం వచ్చింది. ఒకటి, శిక్షణ ముగియకముందే అనుమతి లేక వెడలిపోవుట. రెండు, ధ్రువీకరణ లేకుండ పద్నాలుగుమంది పురుషులకు నాయకత్వము వహించుట. మూడు, గడ్డపారను స్వహస్తములతో ముట్టుకొని ఆరవ పాఠమును ఉల్లంఘించుట.

విచారణాధికారి భుజంగరావుగారే. మొదట మస్తాన్‌ని పిలిచారు.

"ఆ రోజు ఈవిడ మీకు ఆజ్ఞలు జారీ చేసినదా?"

"లేదు సార్. ఏం చెయ్యాలో చెప్పారు."

"రెంటికీ తేడా ఏమయ్యా?"

"ఆజ్ఞలయితే పార్వతీశం సారు కూడా ఇచ్చారు కదా సార్."

భుజంగరావుగారు ఆ జవాబును రికార్డు చెయ్యవద్దన్నారు. తర్వాత సుభాషిణి వైపు తిరిగారు. "సూటిగా చెప్పండి. మీరు నాయకత్వం వహించారా, లేదా?"

వహించానంటే పత్రం లేకుండా వహించిన నేరం. లేదంటే నాయకత్వం లేదని తనే ఒప్పుకున్నట్టు. ఆవిడ కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టింది. "నాకు తెలీదండి. ఆ పూట నేను గేటు ఎత్తించాను. దాన్ని ఏమంటారో తమరే తేల్చండి."

తేల్చడం ఆ కమిటీకి అలవాటు లేని పని. ఫైలు మూడు నెలలు తిరిగింది. ఈలోపు వార్షిక నివేదిక ముంచుకొచ్చింది. అందులో మళ్ళీ సున్నా రాయడానికి కార్యదర్శిగారు ఒప్పుకోలేదు. ఒక్క మహిళైనా కావాలి, రేపటిలోగా కావాలి అన్నారు. జాబితాలో మొదటి పేరు ఇంకా సుభాషిణిదే. ఆవిడకు నీళ్ళూ గేట్లూ అప్పగిస్తే మళ్ళీ ఏం చేస్తుందోనని భయం. ఆలోచించి ఆలోచించి కమిటీ కొత్త సర్కిలొకటి సృష్టించింది. అభియోగాలు రద్దయ్యాయి, ధ్రువపత్రం షరతూ సడలింది. 'సూపరింటెండింగ్ ఇంజినీరు (నమూనా)' అని ఉత్తర్వు వచ్చింది. కార్యాలయం శిక్షణాలయం హాలు. పరిధి థర్మోకోల్ ఆనకట్ట, దాని అనుబంధ పూలకుండీలు. సిబ్బంది, ఆవిడతోపాటు శిక్షణ పొందిన ఇరవైమంది.

నీలవేణి కోపంతో ఊగిపోయింది. "రాజీనామా వాళ్ళ మొహాన కొట్టండి మేడం!"

"కొడితే వాళ్ళకు పండగ. ఏడో గేటు తాడు ఇంకా మార్చలేదు నీలవేణీ. పార్వతీశం మార్చడు. వచ్చే వానలకు ఎవరు దిగుతారు?" అంది సుభాషిణి. ఆ ఉత్తర్వును ఇంటికి తీసుకెళ్ళి, గేటును పరీక్షించినట్టు పై నుంచి కింది దాకా పరీక్షించింది. తొమ్మిదో పేరా దగ్గర ఆగింది. 'శిక్షణావసరముల నిమిత్తము సర్కిలు అధిపతి నమూనాలను విస్తరించుకొనవచ్చును.' ఎవరో గుమాస్తా పాత ఉత్తర్వులోంచి ఎత్తి రాసిన వాక్యం. ఎనభై తొమ్మిది రోజులు ఆ మనుషుల మధ్య ఉన్నందుకు ఆవిడకు దక్కినది వాళ్ళ భాష ఒక్కటే. పెన్ను తీసుకుని, జన్మలో మొదటిసారి ఆ భాషలో ఉత్తరం రాసింది.

"ప్రస్తుత నమూనా మోకాలి ఎత్తు మాత్రమే ఉన్నందున, మహిళల నాయకత్వము సైతము ఆ మేరకే యున్నట్లు సందర్శకులకు తోచు ప్రమాదమున్నది. కావున ఒకటికి ఒకటి నిష్పత్తిలో పూర్తి పరిమాణపు నమూనా అత్యావశ్యకము. కొత్తగా నిర్మించుట వ్యయప్రయాసలతో కూడుకొన్నది. సరిగ్గా అదే పరిమాణములో నల్లేరు వద్ద ఒకటి ఇదివరకే యున్నది. దానిని నమూనాగా ప్రకటించి ఈ సర్కిలుకు బదలాయించ ప్రార్థన."

కమిటీకి ఆ ఉత్తరం చదివి కళ్ళు చెమర్చాయి. "చూశారా! మేల్కొంది! ఎంత పెద్ద ఆలోచన చేసిందో చూడండి!" అన్నారు భుజంగరావుగారు. పార్వతీశం అభిప్రాయం అడిగారు. ఏడో గేటు తన నెత్తి మీద నుంచి దిగిపోతున్నదని గ్రహించి ఆయన అదే పూట అభ్యంతరం లేదని సంతకం పెట్టాడు. అతి వేగంగా కదిలిన ఫైలుగా ఆ ఫైలు శాఖ చరిత్రలో నిలిచిపోయింది.

చైత్రంలో నల్లేరు సుభాషిణి చేతికొచ్చింది. బాధ్యతలు తీసుకున్న మూడో రోజున ఏడో గేటుకు రెండు వైపులా కొత్త తాళ్ళు ఎక్కాయి. ఇరవైమంది ఆడ ఇంజినీర్లూ పన్నెండు గేట్లను పంచుకున్నారు. ఎవరి గేటు స్వభావం వాళ్ళు నేర్చుకున్నారు. మస్తాన్ వాళ్ళకు గురువయ్యాడు. 'నమూనా' అన్న మాట ఎక్కడ రాసినా పైనుంచి ఎవరూ తనిఖీకి రారు, ఎవరూ అడ్డు చెప్పరు అని అర్థమయ్యాక, సుభాషిణి మరో రెండు జలాశయాలకు కూడా ఉత్తరాలు రాసింది. తలనొప్పి వదిలిందనుకుని అక్కడి అధికారులూ సంతకాలు పెట్టేశారు. వాటికి నీలవేణి స్నేహితురాళ్ళు వెళ్ళారు.

శ్రావణంలో మొదటి వరద వచ్చినప్పుడు, పూర్తి పరిమాణపు నమూనాను చూడటానికి చక్రధరం, భుజంగరావుగారు కమిటీతో సహా నల్లేరు వచ్చారు. అందరినీ వంతెన మీద నిలబెట్టి సుభాషిణి చెయ్యెత్తింది. నీలవేణి మీట నొక్కింది. ఏడో గేటు ఎక్కడా ఒరగకుండా, మూలగకుండా తిన్నగా లేచింది. దాని కిందనుంచి నీళ్ళు గర్జిస్తూ దూకాయి. తుంపర తాటిచెట్టంత ఎత్తు లేచి కమిటీ మీద పడింది. వంతెన కాళ్ళ కింద అదిరింది.

చక్రధరం కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆనందంతో ఆయనకు మాట తడబడింది.

"అద్భుతం అమ్మా! అచ్చం నిజం ఆనకట్టలాగే ఉందే!" అంటూ ఇంకా బాగా చూద్దామని రెయిలింగు మీదికి వంగాడు.

"కాస్త వెనక్కి రండి సార్" అంది సుభాషిణి, ఆయన చొక్కా వెనక నుంచి గట్టిగా పట్టుకుని. "పడితే అచ్చం నిజంగానే పోతారు."